మూడు నెలల షుగరు

తెల్లవారుజామున ఐదుంబావు.
స్కూటీ సీటు కింద ఐసు పెట్టె,
అందులో తార్నాక వాళ్ల రక్తం,
ఇంకా సగం నిద్రలోనే.
సీతాఫల్‌మండి దాటి
లాలాగూడ రైల్వే క్వార్టర్ల వెనక సందులో
ఆశీర్వాదం తాత తలుపు కొట్టక్కర్లేదు,
తీసే ఉంటుంది.

వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్లు ఫిట్టరు.
ఇప్పుడు బల్బు కింద కుర్చీ,
ఒళ్లో అట్ట ఊడిన బైబిలు,
దాని వెన్నుకు గొట్టాలకు చుట్టే నల్ల టేపు.
షుగరు ఎడమ కన్ను తినేసి
కుడి కంటి దగ్గర కూర్చుంది.
భూతద్దం వరస మీద పాకుతుంది
పట్టాలు తనిఖీ చేసే ట్రాలీలా.
"ఆగు బిడ్డా, ఇంకేడు వచనాలున్నయి."
సూది పట్టుకుని ఆగుతాను.
అవతల ఇంకా పదకొండు ఇళ్లు.

వాక్యం నా ఫోనుకీ వస్తుంది రోజూ,
పావురం బొమ్మతో, సూర్యోదయంతో.
ఆమెన్ అని నొక్కి
పక్కకు తోసేస్తాను.
శనివారం రాత్రి మాత్రం
పాస్టరుగారు ఏమైనా అడుగుతారేమోనని
ఒక అధ్యాయం, ఆవలింతల మధ్య.

రేపు పరీక్ష అంటే
ఇవాళ స్వీటు మానేసేవాళ్లు నాకు తెలుసు.
పరగడుపు రక్తం వాళ్ల మాట వింటుంది.
మూడు నెలల షుగరు వినదు.
ఇరానీ హోటల్లో తాగిన ప్రతి చాయ్‌నీ,
పెళ్లిలో స్తంభం చాటున తిన్న
డబల్ కా మీఠానీ
పేరు పెట్టి పిలుస్తుంది.

ఆ మాటే తాతతో అంటే నవ్వి
యూనియన్ డైరీ చేతికిచ్చాడు.
రోజుకో గడి, గడికో టిక్కు.
ఒకచోట నలభై ఒక్క గడులు ఖాళీ.
కెజియమ్మ పోయిన వేసవి.
"తర్వాత నింపుకోవాల్సింది తాతా."
"చదవని దినం చదివిన అని ఎట్ల రాస్త?
అప్పుడు ఆకలే కాలే బిడ్డా.
నలభై రెండో దినం గూడ కాలే.
అయినా కూసొని తిన్న."

కంటికి ఆపరేషనయ్యాక
కట్టుతో ఉన్నాడు.
"ఇయ్యాల నువ్వు చదువు."
తెరిస్తే అన్నీ పేర్లు.
తండ్రి, కొడుకు, ఆ కొడుక్కి కొడుకు.
నోరు తిరగని పేర్ల మీద నా నాలుక
గుంతల రోడ్డు మీద స్కూటీ.
మూడు పేర్లు మెల్లిగా మింగేశాను.
"మూడు దాటినవ్."
"కనబడదు కదా, ఎలా తెలిసింది?"
"ఇంజనుల ఒక్క నట్టు లేకున్నా
సప్పుడు మారుతది.
నువ్వు దాటితే ఆళ్లని ఇంకెవరు పిలుస్తరు?"
వెనక్కి వెళ్లి ముగ్గురినీ పిలిచాను.

ఆ వారం నుంచి నాకూ ఒక డైరీ.
అద్భుతం ఏమీ జరగలేదు.
ఇరవై రోజులు గుడారం కొలతలు, మూరలు,
తెరలు, ఇత్తడి కొక్కాలు.
గడి నింపి పడుకోవడం.
ఇరవై ఒకటో రోజు సంగీత్ చౌరస్తాలో
ఆటోవాడు అద్దం విరగ్గొట్టి నన్నే తిట్టాడు.
నా తిట్టు పళ్లదాకా వచ్చి
ఎందుకో అక్కడే ఆగిపోయింది.
గొప్పేమీ కాదు.
సాయంత్రం ఇంట్లో మా చెల్లి మీద
అదే తిట్టు వడ్డీతో తీర్చుకున్నాను.
రాత్రి ఆ గడిలో టిక్కు పెట్టడానికి
పెన్ను చాలాసేపు కదల్లేదు.

ఇవాళ తాత రిపోర్టు తెచ్చాను,
ఏడు పాయింట్ ఒకటి.
"మంచిదే. మరి నీది?"
ఏ గొట్టంలో పడుతుంది తాతా నాది,
ఏ ల్యాబు చూస్తుంది?
అడగలేదు.
నరం దొరికింది, రక్తం తీశాను.
ఒక చేత్తో దూది అదిమి పట్టుకున్నాను.
"నిన్న యాడ ఆగినం?"
రెండో చెయ్యి పేజీలోనే ఉంది,
వేలు అక్కడే పెట్టి ఉంచాను.