పెరటి తలుపు దగ్గర

మార్చిలో మా ఆడపడుచు ఆ పేరు తీసేసుకుంది.
నన్ను అడగలేదు. అడగాల్సిన పనీ లేదు,
పేరు చుట్టూ ఎవరైనా కంచె కడతారా?
ఎల్స్‌పెత్.
ఊయల్లో ఆ పేరు పళ్ళు రాని నోటితో నవ్వుతుంటే
అల్లిన మేజోళ్ళు పక్కన పెట్టి
"చక్కటి పేరు" అన్నాను.
నిజమే, పేరు పెట్టడానికి లేని పేరు.

నాకది పదకొండేళ్ళప్పటి నుంచీ తెలుసు.
లెర్విక్ రేవు పక్కన ఉన్ని గోదాములో
తూకం వేసే ముసలామె పేరది.
నా సంచి తేలిపోయిన రోజు
బొటనవేలితో తక్కెడ కాస్త నొక్కి
అంకె మాత్రం గట్టిగా, నిజాయితీగా చదివేది.

ఇప్పుడు నాకు ఏడో నెల.
చేపల పెట్టె రసీదు వెనక
మాగ్నస్ జాబితా రాస్తున్నాడు.
"అలాంటివే కదా కావాలి?"
అలాంటివంటే ఎలాంటివి?
ఒకే వేరున మొలిచినవా? ఇసొబెల్, లిస్‌బెత్?
అక్క గౌను తొడుక్కున్న చెల్లెళ్ళలా ఉన్నాయి.
అంత పాతవా? యూఫీమియా, గ్రిజెల్, లిలియస్?
చర్చి దొడ్లో రాళ్ళ మీద నాచు గీకి చదివాం.
ఒక లిలియస్ పేరు కింద
ముగ్గురు మగవాళ్ళ పేర్లు, ఒకటే తేదీ.
మాగ్నస్ టోపీ తీశాడు.
ఆ పేరుని అక్కడే ఉంచి వచ్చేశాం.

మా అత్త అంది:
"కాగితం మీద పేరు చూడటమేమిటి?
పెరటి తలుపు తీసి, అన్నానికి పిలిచినట్టు పిలువు.
ఈ దీవిలో పేరుకి పరీక్ష పెట్టేది గాలే."

పిలిచాను.
మార్జొరీ అంటే పక్కింటి మార్జొరీ
కిటికీలోంచి "ఏం కావాలే?" అంది.
బార్బరా అంటే గొర్రెలన్నీ తలెత్తి చూశాయి.
థామసీనా సగం దూరం పోయి
తిరిగొచ్చి నా నోట్లోనే పడింది.

ఎవరూ వినడం లేదని చూసుకుని
ఆఖరికి ఆ పేరే పిలిచాను.
కంచె దాకా చేరింది ఎల్స్‌పె...
అంతే.
చివరి మెత్తటి త్ ని గాలి తినేసింది.
దీపం ఆర్పేంత ఊపిరి అది,
పక్కన నిలబడ్డవాళ్ళకే వినపడేది.
దూరానికి సగం పేరు, దగ్గరికి మొత్తం పేరు.
ఇన్నేళ్ళూ నేను ప్రేమించింది
ఆ మిగిలిపోయిన కాస్తనేనేమో,
తక్కెడ మీద బొటనవేలంత.

ఈడిత్.
ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు, జాబితాలో లేదు.
పిలిచాను. ఈడి... కంచె దాటింది,
త్ నా పెదవి మీదే ఉండిపోయింది.
ఈడూ జోడూ కుదిరినట్టనిపించింది.

మాగ్నస్ మొహం ముడుచుకున్నాడు.
వాళ్ళ లెక్కల టీచరు ఈడిత్ అట,
ఎడమ చెవే మెలిపెట్టేదట, ఎప్పుడూ ఎడమదే.

ఆదివారం ఆడపడుచు వచ్చింది, కళ్ళు దించుకుని.
"నువ్వూ అదే పెట్టుకో వదినా,
కొండ మీది ఎల్స్‌పెత్, ఒడ్డు మీది ఎల్స్‌పెత్ అంటారు."
ఆర్నెల్లు ఆ మాట కోసమే కాచుకున్నదాన్ని
వద్దన్నాను.
నా గొంతే నాకు కొత్తగా వినిపించింది.

రాత్రి దుప్పటి కింద
పొట్టకి దగ్గరగా, మొత్తం పేరు చెప్పాను.
లోపల ఒక మడమ కదిలింది, దానికేమో నాకేమో.
నిద్రలోనే మాగ్నస్
ఎడమ చెవి చేత్తో కప్పుకున్నాడు.