చెప్పు తెగింది

మడివాళ సంతలో వాన పట్టుకున్న సాయంత్రం
నా ఎడమ చెప్పు తెగింది.
బాకీ తెగలేదు,
ఇంకా రెండు కిస్తీలున్నాయి దానికి.

కొన్న రాత్రి బాగా గుర్తు.
పీజీలో పై మంచం మీద పడుకుని,
కింద షహనాజ్ నిద్రలో పళ్లు కొరుకుతుంటే
బొటనవేలితో అలా నెట్టాను.
పద్దెనిమిది వందల తొంభై తొమ్మిది
సిగ్గుపడ్డట్టు ముడుచుకుని
ఆరు వందల ముప్పై మూడైంది.
ఇప్పుడు కొనండి, తర్వాత కట్టండి.
తర్వాత అంటే ఎవరో వేరే మనిషనుకున్నాను,
నాకంటే కాస్త ఎక్కువ జీతమున్న మనిషి.

కదిరిలో మా పెదనాన్న చిల్లరంగడి గోడకి
ఎప్పుడు చూసినా ఒకటే అట్ట: అరువు రేపు.
మర్నాడెళ్లినా అదే అట్ట.
ఆ రేపు ఒక్కసారీ రాలేదు.
ఇక్కడ వచ్చేస్తుంది,
ప్రతి నెలా ఐదో తారీఖున, పొద్దున తొమ్మిదికి,
టింగుమని.

నా ఉద్యోగం సంగతి చెప్పలేదు కదూ.
బొమ్మనహళ్లి, మూడో అంతస్తు, తెలుగు డెస్కు.
రోజుకి నూట నలభై మందికి
"సార్, మీ డ్యూ డేట్ దాటిపోయింది" అని చెప్పడం.
అక్కడ నేను హైమవతిని కాదు, ప్రియని.
పేరు చిన్నదైతే తిట్టడానికి సులువట.

నిన్న ఒకాయన, పులివెందుల వైపు గొంతు,
"ఉండమ్మా, కుక్కర్ది కదా నువ్వడిగేది, ఇను" అని
ఫోను పొయ్యి దగ్గర పెట్టినాడు.
మూడు విజిళ్లు విన్నాను.
"పప్పు ఉడుకుతాండాది. వచ్చి ఎత్తుకుపోతావా?"
స్క్రిప్టులో దానికి జవాబు లేదు.
'కట్టే ఉద్దేశం ఉంది' అని రాసి
తర్వాతి నంబరు నొక్కాను.

ఇంతకీ, వాన.
చెప్పు చేతిలో, ఫోను చార్జింగ్ అయిపోయి నల్లగా.
అప్పిచ్చేదీ అదే, ఉన్న నాలుగు డబ్బులు దాచేదీ అదే.
ఫ్లైఓవర్ కింద నీలం టార్పాలిన్ కప్పుకున్న ముసలాయన
చెప్పు తిప్పి చూసి, ఐదు కుట్లు వేసి,
దారం పంటితో తెంపి, ముప్పై అన్నాడు.
నల్లటి ఫోను చూపించాను.
"నాళె కొడి" అన్నాడు. రేపిమ్మని.
పాన్ నంబరడగలేదు, ఓటీపీ అడగలేదు,
ఇద్దరు చుట్టాల ఫోన్ నంబర్లడగలేదు.
నా మొహమైనా సరిగ్గా చూడలేదు,
అప్పటికే ఎవరిదో బూటు అందుకుంటున్నాడు.

నాలుగు రోజులైంది.
రోజూ అక్కడే బస్సు దిగుతున్నాను.
టార్పాలిన్ లేదు.
ఇనప దిమ్మ పెట్టిన చోట తడి మట్టిలో గుంట.
టీ కొట్టతను తెలీదన్నాడు,
కన్నడంలో ఒకసారి, తమిళంలో ఒకసారి.

పర్సులో మూడు పది నోట్లు విడిగా మడిచి పెట్టాను.
ఐదో తారీఖు మెసేజ్‌ని అలవాటుగా పక్కకి తోసేశాను.
ఈ ముప్పైకి మెసేజ్ రాదు,
ఏ ప్రియా ఫోన్ చెయ్యదు.
కుట్టు మాత్రం గట్టిగా ఉంది.
నడుస్తుంటే
మడమ దగ్గర కొంచెం గుచ్చుకుంటుంది.