ఏ వరసలో

పేజీకి రెండు రూపాయలు. రంగులదైతే పది.
గుణుపురం కాలేజీ రోడ్డులో నా కొట్టుకి
తడాలా ఏడోసారి వొచ్చింది
అదే బయోడేటా, అదే పెన్ డ్రైవుతో.
మలావీ నుంచి వొచ్చి నాలుగేళ్లు ఫార్మసీ చదివిన పిల్ల.
మార్కుల దగ్గర తడబడదు.
వీసా అన్న ఒక్క లైను దగ్గరే
తెర మీద కర్సరులాగ కొట్టుకుంటాది.

తెలుగూ ఒడియా కలిపి అడుగుతాది:
"అక్కా, ఇది పైన పెట్టాలా, కిందనా?"

మొదట పేరు కిందే పెట్టింది.
విశాఖ మందుల కంపెనీ వాళ్లు
ఆ లైను దాటి చదవలేదు కామోసు.
తరవాత ఆఖర్న, హాబీల కింద, చిన్నక్షరాల్లో.
హైదరాబాదు వాళ్లు మూడు రౌండ్లు మెచ్చుకుని
నాలుగోదాన్లో "ముందే చెప్పొద్దా తల్లీ" అన్నారట.
ఒకసారి తీసేసింది కూడా.
ఆ రోజు డబ్బులిస్తూ నా మొహం చూళ్లేదు.

ముందు చెప్తే దాటేస్తారు.
వెనక చెప్తే దాచేవంటారు.

నాకు తెలీందేం కాదిది.
ఇరవయ్యేళ్ల కిందట పాతపట్నంలో టీచరు పోస్టుకి
పాఠం చెప్పి కూచున్నాక అడిగేరు,
మీదే జిల్లా అమ్మా?
రాయగడ అన్నాను.
పెన్నుకి మూత పెట్టిన చప్పుడు
ఇప్పటికీ వినిపిస్తాది.
ఇటు రాయగడ ఆఫీసులో
నా ఒడియాలోంచి యాస ఏరేరు,
బియ్యంలో రాళ్లు ఏరినట్టు.
అలాగ జెరాక్సు మిషను కొన్నాను.

ఇవాళ తడాలాకి ఫోనులో ఇంటర్వ్యూ.
హాస్టల్లో సిగ్నలు లేదని
నా కొట్లోనే, లామినేషన్ డబ్బా పక్కన స్టూలు మీద.
మిషను ఆపీసేను.
ఆధార్ కాపీకొచ్చిన సవర ముసలాయన్ని
సైగతో కూచోమన్నాను.
ఆయనకేం అర్థమైందో, దగ్గు కూడా మింగేడు.

ఇంగ్లీషులో అడిగేరు, ఇంగ్లీషులో చెప్పింది,
బిళ్ల కడుపులో ఎంతసేపట్లో కరుగుతాదో,
ఒక్కోసారి ఎందుకు కరగదో.
అప్పుడు, వాళ్లడక్కముందే,
గోడ మీద కేలండరు చూస్తూ:
"ఆగస్టు ముప్పయ్యొకటి దాకా నాది స్టూడెంటు వీసా.
ఆ తరవాత ఉండాలంటే మీ ఉత్తరం కావాలి,
మీరిచ్చే జీతం దానికి చాలాలి.
ఏ ఆఫీసుకి ఏ కాయితమో రాసి పెట్టుకున్నాను,
తిరుగుడంతా నాది.
కుదరదంటే ఇప్పుడే చెప్పండి,
ఇంకో రెండు చోట్ల అడగాలి."

బతిమాలినట్టు లేదు.
మందు డబ్బా మీద గడువు తేదీ
చదివి వినిపించినట్టుంది.

అట్నుంచి కాసేపు ఏం లేదు.
నేను పెన్ను మూత కోసం విన్నాను.
ఫ్యాను తిరిగింది. ముసలాయన దగ్గేశాడు.
"పైవాళ్లని కనుక్కుని శుక్రవారం చెప్తాం.
ఆ తేదీ ఏదన్నారు, మళ్లీ చెప్పండి."
మళ్లీ చెప్పింది. అంకె అంకె విడదీసి.

శుక్రవారం ఇంకా రాలేదు.

పాడైన కాపీలు నేను పారెయ్యను,
వెనక్కి తిప్పి బాకీలు రాసుకుంటాను.
రాత్రి కొట్టు మూసే ముందు
వార్డెను పేరు మీద నలభై రెండు రూపాయలు రాస్తుంటే
కాయితం అవతల్నుంచి
తడాలా వీసా లైను తేలింది, అద్దంలో అక్షరాల్లాగ.
ఏడింట్లో ఇది ఎన్నోదో,
నేను ఏ పక్కకి తిప్పేనో గాని
పైనా కాదు, కిందా కాదు,
నలభై రెండుకి ఆనుకుని ఉంది,
నాకు రావలసిన వాటిల్లో.