సున్నా వణుకు

టార్టులో ఫిబ్రవరి. సాయంత్రం ఐదింటికే
ఎమాయొగి నది మీద మంచు నీలం తిరిగింది.
నేలమాళిగలో మేం ముగ్గురం, రెండు సర్వర్లు.

ఒకటి కొత్తది.
రెండోది పద్దెనిమిదేళ్ల నాటిది,
మూత మీద ఎవరి పాపో అంటించిన లేడీబర్డ్ స్టిక్కరు
ఇంకా ఊడలేదు.
రెండూ ఒకే తీగ మీద, ఒకే పరమాణు గడియారాన్ని
అరవై నాలుగు సెకన్లకోసారి
టైమెంత, టైమెంత అని అడుగుతుంటాయి.

పాతది చెప్పింది: వణుకు సున్నా.
కొత్తది చెప్పింది: ముప్పై ఏడు మైక్రోసెకన్లు.

"కొత్తది పాడు. వెనక్కి పంపేద్దాం" అన్నాడు రైవో.
లేలో మాట్లాడలేదు.
నల్లరొట్టె ముక్క చేతిలో ఉండగానే
స్క్రీన్ వైపు చాలాసేపు చూసింది.

పాత గడియారం
పది మిల్లీసెకన్లకోసారి మాత్రమే కళ్లు తెరుస్తుంది.
ఆ రెప్ప కింద ఏం జరిగినా, దాని లెక్కలో జరగనట్టే.
ప్యాకెట్టు ముందొచ్చినా, తూలుతూ వెనకొచ్చినా
ఒకే గడిలో వేసి తలుపు మూస్తుంది,
తవ్వతో ఆవాలు కొలిచి
ఒక్క గింజ తేడా లేదని ఒట్టేసినట్టు.

కానీ గురువారం తెల్లవారుజామున
ఒక ప్యాకెట్టు సరిగ్గా గడప మీద కాలు పెట్టింది.
అటా ఇటా?
సున్నా ఒక్క దూకున మిల్లీసెకన్లలోకి పడింది,
వెంటనే మళ్లీ సున్నా.
మధ్యలో మెట్లు లేవు దానికి.
నిద్ర, లేదంటే భూకంపం.

రైవోకి వాళ్లక్క క్రిస్మస్‌కి ఒకసారి ఫోన్ చేస్తుంది,
ఎలా ఉన్నావురా అని.
బాగానే ఉన్నానంటాడు. అబద్ధం కాదు,
క్రిస్మస్‌కి బాగానే ఉంటాడు.

లేలో చేతులు తుడుచుకుని కోడ్ తెరిచింది.
ఒక్క వాక్యం చేర్చింది:
నీ చూపు ఎంత మొద్దో
అంతకన్నా తక్కువ వణుకు చెప్పకు.
చూపు ఆనని అంకెల చోట సున్నాలు పెట్టకు,
గవ్వలు విసిరి ఏది పడితే అది రాయి.

"తప్పుడు అంకెలు కదా అవి?" అన్నాను.
"తప్పే. కానీ ఆ సున్నాలు
తెలుసన్నట్టు నటిస్తున్నాయి."

రాత్రి తొమ్మిదికి పాత యంత్రం కొత్త జవాబిచ్చింది:
వణుకు పది మిల్లీసెకన్లు.
"ఇదిగో, ఇప్పుడు పాడైంది" అన్నాడు రైవో,
కోటు బొత్తాలు పెట్టుకుంటూ,
రెండో బొత్తం రెండుసార్లు జారింది.

లేలో చూసింది.
"రేపు పొద్దున ఫోన్ చేస్తాను నీకు" అంది.
"ఎందుకు?"
"ఊరికే. సాయంత్రం కూడా చేస్తాను."