కాంటా

మాసాబ్ ట్యాంక్ ఫ్లైఓవర్ ఎక్కంగనే
ముల్లు ఎర్రగీత దాటింది.
పక్కకు ఆపి బానెట్ లేపిన.
పొగ లేదు, ఆవిరి లేదు,
మాడిన వాసనన్న లేదు.

మూడు దినాలసంది ఇదే కథ.
ఇరవై ఏండ్లు దాటిన జెన్ బండి.
కూలెంట్ మార్చిన, థర్మోస్టాట్ మార్చిన,
రాణీగంజ్‌ల రేడియేటర్‌కు బేరం గూడ ఆడొచ్చిన.

జహీరుద్దీన్ మీటర్ దిక్కు సూడనే లేదు.
పైపు మీద అరచెయ్యి పెట్టిండు,
జొరమొచ్చిన పోరని నుదురు పట్టినట్టు.
జెరసేపు ఉంచిండు.
"హెడ్‌లైట్ ఎయ్యి."
ముల్లు లేచింది.
"బంద్ జెయ్యి."
దిగింది.
పాన్ మరకల పండ్లతోని నవ్విండు:
"కాంటా ఝూట్ బోల్రా సాబ్, ఇంజన్ నై."

బ్యాటరీ కింద, ఎవ్వరు సూడని మూలకు
బాడీకి బిగించిన నల్ల వైరు,
కొసకు పచ్చగ చిలుము.
గరుకు కాగితంతోని గీకిండు,
బోల్టు తిప్పిండు,
యాభై రూపాయలు జేబుల పెట్టుకొని
ఇంకో బండి కిందికి జొర్రిండు.

బండి మంచిగనే ఉండె.
మూడు దినాలు
కాగింది నేనే.

ఇప్పుడు ముల్లు నడిమిట్ల నిలవడ్డది.
లక్డీకాపూల్ సిగ్నల్ కాడ
ముందటోడు కదిలినా, వెనకటోడు హారన్ కొట్టినా
నా కండ్లు దానిమీదనే.
అది నిజం చెప్తున్నదని
నాకింకెవరు చెప్పాలె?