కొమ్ము చేప

పర్లాకిమిడిలో రైలు దిగేసరికి
వాన నాకంటే ముందొచ్చి
రిక్షాలన్నీ మాట్లాడేసుకుంది.
కోట పక్క సందులో లాడ్జి ఉందన్నారు.
లాడ్జి అనడం గొప్ప.
ఒక ఇల్లు, తన నాలుగు గదుల్నీ అద్దెకిచ్చేసి
వంటింట్లో సర్దుకుని బతుకుతోంది.

బోర్డు మీద ఒడియా అక్షరాలు గొడుగులేసుకుని ఉన్నాయి.
పక్కనే తెలుగువి
తలకట్టు ఒక్కటే అడ్డం పెట్టుకుని తడుస్తున్నాయి.

తారిణి పిన్ని రిజిస్టరు తెరిచింది.
పేరు, వచ్చిన ఊరు, పని.
"కాటాలు బాగుచేస్తాను," అన్నాను.
రాసుకోలేదు. నా చేతులు చూసింది.
మేకు మీంచి తాళంచెవి తీసి ఇచ్చింది.
దానికి వేలాడుతూ ఒక చేప,
ఏ పశువుదో కొమ్ముతో చెక్కింది,
కన్ను మాత్రం ఎవరో అరగదీసేశారు.

మూడో నంబరు.
కుర్చీకి మూడు కాళ్ళూ, ఒక ఇటికా.
దోమతెర చిరుగుల మీద చీర ముక్కల అతుకులు.
అద్దం నిండా
ఎవరెవరో తీసి అంటించి మరిచిపోయిన బొట్టుబిళ్ళలు.
గడ్డం గీసుకుంటుంటే
మెరూన్‌ది ఒకటి సరిగ్గా నా నుదుట నిలబడింది.
కొంచెం జరిగి గీసుకున్నాను.

ఆ ఇంట్లో కోపాలు ఒడియాలో, లెక్కలు తెలుగులో.
"నీళ్ళు కాగిసినాయి బాబూ," అని దండాసి
తలుపు తట్టకుండానే తల పెట్టేవాడు.
రాత్రి పఖాళం, పక్కన ఉల్లిపాయ,
మన వడియాలే, ఒడియాలో నలిగితే బడిచూర.
తిని, గదికి పోయి, తాళం తిప్పి,
తలుపు మూడుసార్లు లాగి చూసుకునేవాణ్ణి.
నా పెట్టెలో ఇత్తడి తూనికరాళ్ళు,
చొక్కా లోపలి జేబులో
బజారు ఇచ్చిన డబ్బు.

బజారు సంగతి చెప్పాలి.
కొండ మీంచి చింతపండు దింపిన సవర ముసలామె
కాటా ముల్లు వంక చూడదు,
సావుకారు వేళ్ళ వంక చూస్తుంది.
వేళ్ళేం చెయ్యవు. చెయ్యాల్సింది
ముందురోజు రాత్రే స్ప్రింగులో నేను చేసేశాను.
ఎంత తేడా ఉందని అడగను నేను ఏ సావుకారునీ.
ఎంత ఉంచమంటారని అడుగుతాను.

నాలుగోనాడు వంతెన దాటి,
పాతపట్నం బస్టాండులో టీ డబ్బులకి చెయ్యి పెడితే
జేబులో చేప.
ఊరికే, చేతివాటంగా, త్రాసు తీసి తూచాను.
ముప్పై అయిదు గ్రాములు.
చేపదే బరువంతా, ఇనుముది పేరుకి.
బస్సు వచ్చింది. ఎక్కలేదు.
ఎందుకంటే చెప్పలేను, వాన కూడా వెలిసింది.

నడిచి వెనక్కి వెళ్ళేసరికి
నా మంచం మీద గుణుపూరు నర్సమ్మ ఒకావిడ
చెప్పులు కూడా విప్పకుండా నిద్రపోతోంది.
తలుపు బార్లా.
"తాళంచెవి..." అన్నాను.
పిన్ని నవ్వింది.
"ఆ తాళం ఎప్పుడో సెడిపోనాది బాబూ.
గొళ్ళెం ఒత్తితే సాలు, తెరుసుకుంటాది.
ఉత్త సేతుల్తో పంపిస్తే
పరాయోళ్ళకి నిద్దర పట్టదని ఇస్తాను."
చేపని మేకుకి తగిలించింది.
నాలుగు మేకులు, నాలుగు చేపలు,
ఏ చేపా ఏ తలుపుదీ కాదు.

"ఎలాగూ వచ్చినావు," అంటూ
వంటింట్లోంచి కాటా తెచ్చి నా ముందు పెట్టింది.
బత్తేనికొచ్చినోళ్ళకి బియ్యం తూచేదట.
రాళ్ళు వేసి చూశాను.
కిలో అని ముల్లు చెప్పినప్పుడల్లా
పళ్ళెంలో కిలో మీద గుప్పెడు బియ్యం.
ఎన్నేళ్ళుగానో. ఎంతమందికో.
స్క్రూ డ్రైవరు చేతిలోనే ఉంది,
ఒక్క మెలిక చాలు.

"ఏటైనా తేడా ఉందేటి?"

లేదన్నాను.

నా పనిలో ఇది మొదటి అబద్ధం కాదు.
డబ్బు తీసుకోనిది
ఇదొక్కటే.