నాలుగు నిమిషాలు

డకోటా మైదానంలో మా ఊరు
రైలుకి ఒక కూతంత. అంతే.
ఆగేది కాదు.
పాలడబ్బాలు ఎండలో విరిగిపోయేవి.
ఉత్తరాల సంచీ కదిలే పెట్టెలోంచి
బురదలోకి వచ్చి పడేది.

రాష్ట్రం చట్టం చేసింది, ఆగాలని.
కంపెనీ కోర్టుకెక్కింది, ఆగమని.

వాళ్ళ వకీలు వెండి గడియారం మూత తెరిచి
ఆగితే బొగ్గెంత, ఆవిరెంత,
షికాగో చేరడంలో ఆలస్యమెంత
సెంట్లతో సహా అప్పజెప్పాడు.
"ఆ నాలుగు నిమిషాలూ మా ఆస్తి, ఏలినవారూ.
పరిహారం లేకుండా లాక్కుంటున్నారు."

బోనులో రాగ్న్‌హిల్డ్ ట్వైట్.
నార్వే యాస, చచ్చిపోయిన మొగుడి బూట్లు.
"మీ ఆస్తి కాదనను.
మా వాడికి కంఠసర్పి ముదిరిన రాత్రి
డాక్టరు ఆ రైల్లోనే ఉన్నాడట.
దీపాలున్న కిటికీలు లెక్కపెట్టాను.
పదకొండు."

గుమాస్తా కలం కాసేపు కదల్లేదు.
వకీలు గడియారం మూసేశాడు.

మూడేళ్ళకి తీర్పొచ్చింది. ఆగాల్సిందే.

ఇప్పుడు ఆగుతోంది, సాయంత్రం ఆరూ పదికి.
ఎక్కేవాళ్ళు ఒకరో ఇద్దరో,
మంచు రోజుల్లో అదీ లేదు.
ఆవిడ మాత్రం వస్తుంది.
ఎక్కదు. ఎవరికోసమూ వెతకదు.
ఇంజను పక్కన నిలబడి
డ్రైవరు మొహంలోకి చూస్తూ ఉంటుంది.
నాలుగో నిమిషం నిండాక
తలాడిస్తుంది,
ఇక పొమ్మన్నట్టు.